వయొలిన్ హార్మోనిక్స్‌ను నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో తప్పుల్లేకుండా రాయడం: సమగ్ర మార్గదర్శి

కడపలో మా చిన్న తీగవాద్య బృందానికి పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన నొటేషన్ కాగితాలు) టైపు చేసి ఇచ్చేది నేనే కావడంతో, కర్నూలు, అనంతపురం వైపు నుంచి కూడా హార్మోనిక్స్ (తీగను గట్టిగా నొక్కకుండా తేలికగా తాకి పలికించే పై స్వరాలు) రాయడం గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "డైమండ్ గుర్తు పెట్టాం, కానీ వాయించేవాళ్లకు అర్థం కావడం లేదు, కంప్యూటర్ కూడా వేరే స్వరం మోగిస్తోంది. ఎక్కడ తప్పు చేశాం?" తప్పు చాలావరకు సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందే జరిగిపోయి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి మూడు భాగాలకు కంప్యూటరుతో పని లేదు. ఒక కాగితం, పెన్సిలు చాలు.

1. ముందుగా తేల్చుకోవలసిన మూడు స్వరాలు

ఒక హార్మోనిక్ వెనుక మూడు స్వరాలు ఉంటాయి. మొదటిది ఆధార స్వరం, అంటే ఖాళీ తీగ స్వరం గానీ, ఎడమచేతి వేలితో గట్టిగా నొక్కిన స్వరం గానీ. రెండవది తాకే స్వరం, అంటే వేలు తీగను నొక్కకుండా పైపైన ఆనించే చోటు. మూడవది వినిపించే స్వరం.

మామూలు స్వరానికి ఈ మూడూ ఒకటే కనుక నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లు ఆ లెక్కమీదే పనిచేస్తాయి. మీరు స్టాఫ్ (అయిదు గీతల వరస) మీద పెట్టిన గుర్తునే అవి మోగిస్తాయి. నోట్‌హెడ్‌ను (స్వరం గుర్తులోని తలను) డైమండ్‌గా మార్చినంత మాత్రాన అక్కడ వేలు ఆనించాలన్న సంగతి వాటికి తెలియదు. కాబట్టి ప్రతి హార్మోనిక్‌కూ ఈ మూడు స్వరాలనూ ముందుగా కాగితం మీద రాసుకోండి. మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు (ఒక నొటేషన్ సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి రచనను తీసుకెళ్లే ఫైలు రకం) కూడా హార్మోనిక్‌ను ఆధార, తాకే, వినిపించే స్వరాలుగా విడివిడిగానే గుర్తిస్తుందన్నది గమనించదగిన విషయం.

2. సహజ హార్మోనిక్స్: ఖాళీ తీగ మీద

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఈ పట్టిక గుర్తుపెట్టుకోవడం చాలా సులువు. ఖాళీ తీగను షడ్జమం అనుకోండి.

- పై షడ్జమం దగ్గర, అంటే తీగకు సరిగ్గా సగంలో తాకితే, ఒక స్థాయి పైన షడ్జమం వినిపిస్తుంది.
- పంచమం దగ్గర తాకితే, ఒక స్థాయి పైన పంచమం వినిపిస్తుంది.
- శుద్ధ మధ్యమం దగ్గర తాకితే, రెండు స్థాయిల పైన షడ్జమం వినిపిస్తుంది.
- అంతర గాంధారం దగ్గర తాకితే, రెండు స్థాయిల పైన అంతర గాంధారం వినిపిస్తుంది. చతుశ్రుతి ధైవతం దగ్గర తాకినా ఇదే స్వరం వస్తుంది.
- సాధారణ గాంధారం దగ్గర తాకితే, రెండు స్థాయిల పైన పంచమం వినిపిస్తుంది. కానీ ఇది అంత నమ్మకంగా పలకదు.

వయొలిన్ డి తీగ మీద దీన్ని అన్వయిస్తే (అక్షరం స్వరం పేరు, పక్కన అంకె దాని స్థాయి): డి5 దగ్గర తాకితే డి5, ఎ4 దగ్గర తాకితే ఎ5, జి4 దగ్గర తాకితే డి6, ఎఫ్ షార్ప్ 4 దగ్గర తాకితే ఎఫ్ షార్ప్ 6. మొదటి దానిలో తాకే స్వరం, వినిపించే స్వరం ఒకటే. ఇలాంటి చోట డైమండ్ అక్కర్లేదు. మామూలు నోట్‌హెడ్ రాసి, పైన చిన్న సున్నా చుట్టితే సరిపోతుంది. తాకే చోటు, వినిపించే స్వరం వేరైన ప్రతిచోటా డైమండ్ రాయడమే నా పద్ధతి. సున్నా కింద వినిపించే స్వరాన్ని రాసి, ఎక్కడ తాకాలో వాయించేవారికే వదిలేసే సంప్రదాయమూ ఉంది కానీ, అనుభవజ్ఞులు కానివారి ముందు అలాంటి పార్టు పెడితే రిహార్సల్‌లో పావుగంట దాని మీదే పోతుంది.

అంతర గాంధారం హార్మోనిక్ పియానోలోని ఆ స్వరం కంటే సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) తక్కువగా పలుకుతుంది. కీబోర్డుతో కలిపి వాయించే చోట ఇది చెవికి తెలుస్తుంది. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి మాత్రం కీబోర్డే తప్పుగా అనిపించవచ్చు. ఆ వాదన ఇక్కడ వద్దు.

3. కృత్రిమ హార్మోనిక్స్: నొక్కిన వేలి మీద

ఖాళీ తీగకు బదులు చూపుడువేలితో ఒక స్వరాన్ని గట్టిగా నొక్కి, దానికి శుద్ధ మధ్యమం అయ్యే చోట చిటికెనవేలును తేలికగా ఆనిస్తే, నొక్కిన స్వరానికి రెండు స్థాయిల పైన స్వరం వస్తుంది. వయొలిన్, వయోలాలలో ఎక్కువగా వాడేది ఇదే. చెల్లోలో నొక్కే పని బొటనవేలిది. డబుల్ బేస్ మెడ భాగంలో చెయ్యి అంత దూరం చాచలేదు కనుక అక్కడ సహజ హార్మోనిక్స్‌కే పరిమితం కావడం మంచిది.

కావలసిన స్వరాల వరస ఇ6, డి6, ఎఫ్6 అనుకోండి. లెక్క ఇలా చెయ్యాలి.

మొదట ప్రతి స్వరాన్నీ రెండు స్థాయిలు కిందికి దించండి: ఇ4, డి4, ఎఫ్4. ఇవే ఆధార స్వరాలు. తర్వాత వాటికి శుద్ధ మధ్యమాలు రాయండి: ఇ4కు ఎ4, డి4కు జి4, ఎఫ్4కు బి ఫ్లాట్ 4. నడిమి డి4 ఖాళీ తీగే కనుక అది సహజ హార్మోనిక్ అవుతుంది. జి4 దగ్గర ఒక్క డైమండ్ చాలు. చివరిది మాత్రం జాగ్రత్తగా చూడండి. ఎఫ్‌కు మధ్యమం బి ఫ్లాట్. వట్టి బి రాస్తే అది ప్రతిమధ్యమం అవుతుంది. ప్రతిమధ్యమం దగ్గర వేలు ఆనిస్తే మీరు కోరిన హార్మోనిక్ రాదు, తీగ కీచుమంటుంది. నేను రాసిన మొదటి పార్టుల్లో సరిగ్గా ఈ తప్పే జరిగింది. అరగంటసేపు బో మీద, రోజిన్ మీద అనుమానపడ్డాక, మా బృందంలోని ఒక అమ్మాయి "సార్, ఇది కళ్యాణిలో రాశారా?" అని (కళ్యాణి ప్రతిమధ్యమం ఉన్న రాగం) అడిగితే గానీ నాకు వెలగలేదు.

ఈ పద్ధతికి కింది హద్దు కూడా ఉంది. వయొలిన్‌లో అతి కింది తీగ జి3 కనుక, దాని మీద నొక్కగలిగిన మొదటి స్వరం ఎ ఫ్లాట్ 3. వినిపించేది ఎ ఫ్లాట్ 5. దానికి కింద, జి5 ఒక్కటి ఖాళీ జి తీగను సి4 దగ్గర తాకితే దొరుకుతుంది. ఇంకా కింది స్వరాలు కావాలంటే ఖాళీ తీగల సగభాగం, పంచమం హార్మోనిక్స్‌లో దొరికినవే తీసుకోవాలి.

4. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు చేతిలో ఉండవలసినవి

- ప్రతి హార్మోనిక్‌కూ మూడు స్వరాలు రాసిన కాగితం.
- ఏ తీగ మీద వాయించాలో నిర్ణయం. రోమన్ అంకెల్లో ఒకటి అంటే అతి పై తీగ, నాలుగు అంటే అతి కింది తీగ.
- వాయించేవారి వాద్యం ఏ శ్రుతిలో ఉందన్న సమాచారం. దీని సంగతి 8వ భాగంలో వస్తుంది.
- హార్మోనిక్ ముందూ వెనకా చేతికి వ్యవధి ఉందో లేదో చూసుకోవడం. వేగంగా వరసగా వచ్చే కృత్రిమ హార్మోనిక్స్ కాగితం మీద అందంగానే ఉంటాయి.

5. మ్యూజ్‌స్కోర్‌లో క్రమం

ఇది ఉచితంగా దొరుకుతుంది, మన వైపు ఎక్కువమంది వాడుతున్నదీ ఇదే కనుక దీన్నే వివరంగా చెబుతాను. మెట్లను ఇదే వరసలో పాటించండి.

మొదటి మెట్టు: ఆధార స్వరాన్ని దాని కాలప్రమాణంతో మామూలుగా నమోదు చెయ్యండి. ఉదాహరణకు ఎఫ్4, క్వార్టర్ నోట్.

రెండవ మెట్టు: ఆ స్వరాన్ని ఎంచుకుని ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే దానిపైన నాలుగో స్వరం చేరుతుంది. ఇక్కడ ఆగండి. సాఫ్ట్‌వేర్ చేర్చేది కీ సిగ్నేచర్ (స్టాఫ్ మొదట్లో ఉండే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) ప్రకారం నాలుగో స్వరాన్నే గానీ శుద్ధ మధ్యమాన్ని కాదు. సి మేజర్‌లో ఎఫ్ మీద అది బి పెడుతుంది. జి మేజర్‌లో సి మీద ఎఫ్ షార్ప్, డి మేజర్‌లో జి మీద సి షార్ప్ పెడుతుంది. మూడూ తప్పే.

మూడవ మెట్టు: పై స్వరాన్ని మాత్రమే ఎంచుకుని, అవసరమైతే కింది బాణం కీతో అర్ధస్వరం దించండి. బి ఫ్లాట్‌కు బదులు ఎ షార్ప్ కనిపిస్తే జె కీ నొక్కి రాత మార్చండి. స్వరం ఒకటే కదా అని వదిలేయకూడదు. ఎఫ్ మీద ఎ షార్ప్ చూసిన వయొలినిస్టు కంటికి అది మూడో స్వరంలా కనిపిస్తుంది, చిటికెనవేలు మధ్యమం వైపు పోదు.

నాలుగవ మెట్టు: పై స్వరం ఇంకా ఎంపికలో ఉండగానే ప్రాపర్టీస్ పేనల్‌లో నోట్‌హెడ్ రకాన్ని డైమండ్‌గా మార్చండి.

అయిదవ మెట్టు: క్వార్టర్ నోట్ అయితే డైమండ్ నల్లగా నిండిపోయి ఉంటుంది. కృత్రిమ హార్మోనిక్‌లో కాలప్రమాణం చూపేది కింది మామూలు నోట్‌హెడ్ మాత్రమే. డైమండ్ ఎప్పుడూ ఖాళీగానే ఉండాలి. నోట్‌హెడ్ అమరికల్లోనే ఉన్న ఓవర్‌రైడ్ విజువల్ డ్యూరేషన్ అనే చోట హాఫ్ నోట్‌ను ఎంచుకుంటే డైమండ్ ఖాళీ అవుతుంది. కాలప్రమాణం మారదు, ఆకారం మాత్రమే మారుతుంది.

ఆరవ మెట్టు: తీగను సూచించే రోమన్ అంకెను పైన రాయండి. వరసగా వచ్చే స్వరాలు ఒకే తీగ మీదే ఉంటే మొదటి చోట రాసి గీత లాగితే చాలు.

సహజ హార్మోనిక్‌కు ఒక్క డైమండ్ రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. కింద మామూలు నోట్‌హెడ్ ఉండదు కనుక, డైమండ్‌ను ఖాళీగా ఉంచితే క్వార్టర్ నోట్‌కూ హాఫ్ నోట్‌కూ తేడా తెలియదు. నేను అలాంటిచోట ఖాళీ తీగ స్వరాన్ని కూడా కింద మామూలు నోట్‌హెడ్‌తో రాస్తాను. పై ఉదాహరణలో డి4 మామూలుగా, జి4 డైమండ్‌గా. చూడడానికి మిగతా రెండు స్వరాలతో సమానంగా కూడా ఉంటుంది.

సున్నా గుర్తు పెట్టేచోట ఆర్టిక్యులేషన్స్ పాలెట్‌లో హార్మోనిక్ అన్న పేరుతో ఉన్నదాన్నే లాగండి. బూరలకు వాడే ఓపెన్ గుర్తు కూడా చూపుకు అలాగే ఉంటుంది. కింద చిన్న గీత ఉన్న సున్నా చెల్లో బొటనవేలు గుర్తు. ఖాళీ తీగకు వాడేది వేళ్ల అంకెల్లోని 0, అది కాస్త కోలగా ఉంటుంది. నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు.

6. సరైన స్వరం వినిపించేలా చెయ్యడం

ముద్రించి ఇవ్వడం వరకే మీ పని అయితే ఈ భాగం వదిలేయవచ్చు. కంప్యూటర్‌లో వినిపించి సాధన చేయించాలంటే ఇలా చెయ్యండి.

ఆధార స్వరాన్నీ, డైమండ్‌నూ ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ప్లే అన్న టిక్కు తీసేయండి. తర్వాత అదే చోట రెండవ వాయిస్‌లో (అదే స్టాఫ్ మీద విడిగా నడిచే రెండో స్వర వరసలో) వినిపించే స్వరాన్ని (మన ఉదాహరణలో ఎఫ్6) నమోదు చేసి, వి కీ నొక్కి కనిపించకుండా చెయ్యండి.

ఇక్కడ రెండు ఇబ్బందులు వస్తాయి. రెండవ వాయిస్ చేరగానే మొదటి వాయిస్ కాడలన్నీ పైకి తిరిగిపోతాయి; ఎక్స్ కీతో వాటిని మళ్లీ తిప్పుకోవాలి. ఆ బార్‌లో (రెండు నిలువు గీతల మధ్య భాగంలో) మిగిలిన చోట్ల రెండవ వాయిస్ విరామ గుర్తులు కనిపిస్తాయి. వాటిని ఎంచుకుని తొలగించండి. హార్మోనిక్స్ ఎక్కువగా ఉన్న రచన అయితే ఈ తిప్పలన్నీ మాని, కింద వేరే స్టాఫ్ ఒకటి చేర్చి, వినిపించే స్వరాలన్నీ అందులో రాసి, ముద్రణ సమయంలో ఆ స్టాఫ్‌ను దాచేయడం హాయి.

వినిపించే స్వరాన్ని కంటికీ చూపించదలిస్తే, దాన్ని దాచకుండా చిన్న సైజులో, కాడ లేకుండా, బ్రాకెట్లలో డైమండ్ పైన ఉంచండి. విద్యార్థుల పార్టులకు ఇది ఎంతో మేలు చేస్తుంది. అదనపు గీతలు ఎక్కువైతే సగం ప్రయోజనం పోతుంది కనుక, సి7 దాటాక నేను మానేస్తాను.

7. ఇతర సాఫ్ట్‌వేర్‌లలో

డొరికోలో 3వ వెర్షన్ నుంచి హార్మోనిక్స్‌కు ప్రత్యేక సదుపాయం ఉంది. ఆధార స్వరం ఒక్కటే నమోదు చేసి, ప్రాపర్టీస్‌లో హార్మోనిక్ రకం ఆర్టిఫిషియల్ అని ఎంచుకుంటే డైమండ్‌ను అదే గీస్తుంది, వినిపించే స్వరాన్నే మోగిస్తుంది. పార్షల్ 4 (అంటే ఆధార స్వరానికి రెండు స్థాయిల పైన స్వరం) అని ఉందో లేదో చూసుకోండి. దీనిలో డైమండ్‌ను విడిగా మరో స్వరంగా నమోదు చెయ్యకూడదు; మ్యూజ్‌స్కోర్ అలవాటు ఉన్నవారు ఆ పొరపాటే చేస్తారు.

సిబీలియస్‌లో క్రమం దాదాపు మ్యూజ్‌స్కోర్ లాంటిదే: రెండు స్వరాలు రాసి, పైదానికి నోట్‌హెడ్స్ జాబితా నుంచి డైమండ్ ఇవ్వాలి.

ఫినాలే అభివృద్ధిని 2024 ఆగస్టులో ఆపేశారు కనుక పాత ఫైళ్లు ఉన్నవారు వాటిని మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మార్చి దాచుకోవడం మంచిది. అలా మార్చి వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాక ప్రతి డైమండ్‌నూ కళ్లతో చూడాలి. ఆకారం వచ్చినా, ఖాళీగా ఉందా, నిండిందా, మోగుతోందా అన్నవి మారిపోయి ఉండవచ్చు.

8. వాయించేవారి తీగలు సా-పా-సా-పా అయితే

పాశ్చాత్య పద్ధతి పుస్తకాల్లో కనిపించని చిక్కు ఇది, మనకు మాత్రం తప్పదు. మన బృందాల్లో సగం మంది కర్ణాటక సంగీతం నేర్చినవారే. వారి వయొలిన్ జి, డి, ఎ, ఇ కాదు. ఐదు శ్రుతిలో (అంటే జి షడ్జమంగా) పాడేవారికి పక్కవాద్యం వాయించేవారి తీగలు జి3, డి4, జి4, డి5 అనుకోండి. కింది రెండు తీగలు మీరు రాసినట్టే పలుకుతాయి. పై రెండూ ఒక్కో పూర్తి స్వరం తక్కువ.

ఎ తీగ సగంలో తాకమని మీరు ఎ5 మీద సున్నా చుట్టారు. వాయించేవారు తీగను సరిగ్గా సగంలోనే తాకారు. వినిపించింది జి5. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఇలాంటప్పుడు మూడు దారులున్నాయి.

- సహజ హార్మోనిక్స్ అన్నీ కింది రెండు తీగల మీదికి మార్చండి.
- లేదా వాటిని కృత్రిమ హార్మోనిక్స్‌గా రాయండి. ఇవి ఖాళీ తీగ మీద ఆధారపడవు. నొక్కిన స్వరానికి మధ్యమం ఎక్కడున్నా మధ్యమమే.
- లేదా పార్టు మొదట్లోనే నాలుగు తీగల శ్రుతినీ రాసి, సహజ హార్మోనిక్స్‌ను ఆ శ్రుతికే మళ్లీ లెక్కకట్టండి.

నేను రెండో దారికే మొగ్గుతాను, ఎందుకంటే మరుసటి కచేరీకి శ్రుతి మారినా పార్టు మార్చనక్కర్లేదు. మొదటి దారి కూడా ఐదు శ్రుతికి మాత్రమే కలిసొస్తుందని మరవకండి.

9. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు, సవరణలు

డైమండ్ ఉంది, కానీ స్వరం కీచుమంటోంది. ముందు ఆధార, తాకే స్వరాల మధ్య దూరం చూడండి. కృత్రిమ హార్మోనిక్‌లో ఖచ్చితంగా అయిదు అర్ధస్వరాలు ఉండాలి. ఆరు ఉంటే ప్రతిమధ్యమం పడినట్టే.

షార్ప్, ఫ్లాట్ గుర్తు కింది స్వరానికే పడింది. డైమండ్‌కు దాని గుర్తు విడిగా కావాలి. కీ సిగ్నేచర్‌కు విరుద్ధంగా ఉన్న డైమండ్ పక్కన ఫ్లాట్, నాచురల్ వంటి తగిన గుర్తు కనిపిస్తోందో లేదో చూడండి.

మొత్తం ఒక స్థాయి పైన వినిపిస్తోంది. డైమండ్ స్వరానికి పైనున్న ఆక్టేవ్ గీత (రాసినదాన్ని ఒక స్థాయి పైన వాయించమని చెప్పే గీత) కారణం కావచ్చు. ఆధార స్వరం, డైమండ్ జంట మీద ఆక్టేవ్ గీత వెయ్యకండి. వేలు ఎక్కడ పెట్టాలన్నది నేరుగా కనిపించాలి.

డబుల్ బేస్ పార్టులో లెక్క తప్పింది. బేస్ మామూలుగానే వినిపించేదానికి ఒక స్థాయి పైన రాస్తారు. డైమండ్ కూడా అదే లెక్కలో ఉండాలి. దానికి విడిగా మినహాయింపు ఇవ్వకూడదు.

హార్మోనిక్ అయిపోయాక కూడా వాయించేవారు తేలికగానే తాకుతున్నారు. తర్వాతి మామూలు స్వరం దగ్గర "ఆర్డినరీ" అని ఒక్కమాట రాయండి.

10. ముద్రణకు ముందు తనిఖీ

- ప్రతి కృత్రిమ డైమండ్ ఖాళీగా ఉందా?
- మధ్యమం దూరాలన్నీ అయిదు అర్ధస్వరాలేనా?
- తీగ పేరు ప్రతి తీగ మార్పు దగ్గరా ఉందా?
- దాచిన వాయిస్, విరామ గుర్తులు పీడీఎఫ్‌లో బయటపడ్డాయా?
- స్కోరులో సవరించినవి విడి పార్టుల్లో కూడా మారాయా?

స్టాఫ్ ఎత్తు 7 మిల్లీమీటర్ల కంటే తగ్గించకండి. మ్యూజ్‌స్కోర్‌లో డిఫాల్టుగా ఉండే 1.75 మిల్లీమీటర్ల గీతల ఎడాలు నాలుగూ కలిపితే అదే. పేజీలు ఆదా అవుతాయని తగ్గించి, ఆ పీడీఎఫ్‌ను ప్రింట్ తీసి, ఆ ప్రింటుకు జిరాక్స్, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీస్తే, ఖాళీ డైమండ్ల మధ్యలోకి టోనర్ పాకి అన్నీ నల్లబడతాయి. షాపులో బయటికి వచ్చిన మొదటి కాపీని తీసుకుని, చేయి చాచినంత దూరంలో, స్టాండు మీద ఉన్నట్టే పెట్టి చూడండి. డైమండ్ మధ్యలో తెల్లదనం కనిపించకపోతే మిగతా కాపీలు ఆపించి, అసలు పీడీఎఫ్ నుంచే ఒక్కొక్క ప్రతినీ ప్రింట్ తీయించండి.